త్యాగరాయ నగర్

త్యాగరాయ నగర్ తమిళనాడు రాజధాని చెన్నై నగరములోని ఒక ప్రాంతము. వ్యవహారములో దీనిని టి.నగర్ అని పిలుస్తారు. పరిపాలనా పరముగా ఇది చెన్నై జిల్లాలోని మాంబలం తాలూకాకు చెందినది. 1920వ దశకములో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వము ఒక పెద్ద చెరువును ఎండగట్టి, ఆ నేలపై ఈ శివారు నివాస ప్రాంతమును నిర్మించినది. ఇరుకైన పాత నగరములో ఊపిరాడక ఉన్న కుటుంబాలకు విశాలమైన వీధులు, తోటలు గల ఇళ్ళు కల్పించడము ఆనాటి ఉద్దేశము. నేడు ఇది భారతదేశములోని అతి పెద్ద వ్యాపార కేంద్రాలలో ఒకటిగా, పండుగ దినాలలో కాలు మోపే చోటు లేని ప్రాంతముగా ప్రసిద్ధి చెందినది. ఏ రద్దీ నుండి తప్పించుటకు దీనిని నిర్మించారో, ఆ రద్దీకే ఇది నిలయమైనది. తెలుగు రాజకీయ, చలనచిత్ర, సంగీత చరిత్రలతో ఈ ప్రాంతమునకు సన్నిహిత సంబంధము కలదు.

పేరు

పేరు వినగానే తెలుగువారికి వాగ్గేయకారుడైన త్యాగరాజస్వామి స్ఫురించవచ్చును. కాని ఈ ప్రాంతమునకు ఆ పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి (1852 - 1925) స్మారకముగా వచ్చినది. త్యాగరాయ చెట్టి తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబమున జన్మించాడు. జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి చెందిన దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను 1916లో స్థాపించిన వారిలో ఆయన ముఖ్యుడు. మద్రాసు కార్పొరేషనుకు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షుడు కూడా ఆయనే. 1920 ఎన్నికలలో జస్టిస్ పార్టీ గెలిచినపుడు గవర్నరు లార్డ్ విల్లింగ్డన్ ప్రభుత్వము ఏర్పాటు చేయవలసినదిగా ఆయనను ఆహ్వానించగా, ఆ పదవిని స్వీకరించుటకు ఆయన నిరాకరించాడు. ఆయన శిలావిగ్రహము నేటికీ కార్పొరేషను కార్యాలయమైన రిప్పన్ భవనము ముందు కలదు. కొత్త శివారు రూపు దిద్దుకొంటున్న రోజులలోనే, 1925 ఏప్రిల్ 28న ఆయన మరణించాడు.

ఈ ప్రాంతమునకు అంతకు పూర్వమున్న పేరు మాంబలం. తమిళములో మాంబళం అనగా మామిడి పండు. బిల్వ వృక్షములు అధికముగా ఉన్నందున మహాబిల్వ క్షేత్రమనే పేరు కాలక్రమమున మాంబలమైనదని మరొక కథనము వాడుకలో ఉన్నది. రైలు మార్గమునకు పశ్చిమాన ఉన్న భాగమును నేటికీ పశ్చిమ మాంబలం అనియే పిలుస్తారు. టి.నగర్‌కు సేవలందించే రైల్వే స్టేషను పేరు కూడా మాంబలమే.

భౌగోళికము

టి.నగర్‌కు ఉత్తరమున నుంగంబాక్కం, కోడంబాక్కం, తూర్పున తేనాంపేట, దక్షిణమున నందనం, సి.ఐ.టి.నగర్, పశ్చిమమున రైలు మార్గమునకు ఆవల పశ్చిమ మాంబలం ఉన్నాయి. నేల దాదాపు సమతలముగా ఉంటుంది. చెరువు గర్భము కావడము వలన వాన నీరు సహజముగానే ఇటువైపు చేరుతుంది. వళ్ళువర్ కోట్టం పరిసరాల నుండి వచ్చే మాంబలం కాలువ టి.నగర్, నందనంల మీదుగా ప్రవహించి అడయారు నదిలో కలుస్తుంది. పానగల్ పార్కు ఈ ప్రాంతమునకు కేంద్ర బిందువు. దాని చుట్టూ ఉన్న కూడలి నుండి ఉస్మాన్ రోడ్డు, జి.ఎన్.చెట్టి రోడ్డు, పాండీ బజారుగా ప్రసిద్ధమైన సర్ త్యాగరాయ రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు, దొరైస్వామి రోడ్డు వివిధ దిశలకు సాగిపోతాయి.

చరిత్ర

పొడవు చెరువు

ఇరవయ్యో శతాబ్ది ఆరంభము వరకు మద్రాసు నగరపు పశ్చిమ సరిహద్దున ఒక పెద్ద జలాశయము ఉండేది. ఆంగ్లేయులు దీనిని లాంగ్ ట్యాంక్ (పొడవు చెరువు) అనేవారు. నుంగంబాక్కం చెరువు, మైలాపూరు చెరువు ఇందులోని భాగాలు. ఉత్తరమున నుంగంబాక్కం నుండి దక్షిణమున సైదాపేట దిశగా, మౌంట్ రోడ్డుకు పడమటి పక్కన విల్లు వలె వంగి ఇది కొన్ని మైళ్ళ పొడవున విస్తరించి ఉండేది.

కోరమండల్ తీరమున ఇటువంటి చెరువులు సర్వసాధారణము. ఇక్కడ వర్షములో అధిక భాగము అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన కురుస్తుంది. కొద్ది వారాలలో కురిసిన నీటిని సంవత్సరమంతా వాడుకొనుటకు పూర్వులు ఏటవాలు నేలకు అడ్డముగా మట్టికట్టలు వేసి, లోతు తక్కువైన విశాలమైన చెరువులను నిర్మించారు. తూముల ద్వారా నీరు పొలాలకు పారేది. నిండిన చెరువు అలుగు మీదుగా పొర్లిన నీరు దిగువ చెరువుకు, చివరకు నదికి చేరేది. రాయలసీమ, తెలంగాణలలోని గొలుసుకట్టు చెరువుల పద్ధతి కూడా ఇట్టిదే. ఆ విధముగా చెరువు ఒకేసారి రెండు పనులు చేసేది: ఎండాకాలమునకు నీటిని నిలువ ఉంచేది, వానాకాలములో వరదను తనలో ఇముడ్చుకొనేది. నగరము పెరిగి పొలాలు తగ్గిన కొలదీ మొదటి పనికి ప్రాధాన్యము తగ్గినది. రెండవ పనిని ఎవరును లెక్కలోనికి తీసుకొనలేదు.

ప్రణాళిక

జనాభా లెక్కల ప్రకారము మద్రాసు నగర జనసంఖ్య 1911లో సుమారు 5.19 లక్షలు, 1921లో సుమారు 5.27 లక్షలు, 1931లో సుమారు 6.47 లక్షలు. జార్జ్ టౌన్ వంటి పాత పేటలలో ఇళ్ళు గోడకు గోడ కలిసి, గాలి వెలుతురు లేక, మురుగు పారుదల సరిగా లేక ఉండేవి. అదే కాలమున పట్టణ ప్రణాళిక అనే శాస్త్రము ప్రపంచమంతటా ప్రచారములోనికి వచ్చినది. ఇంగ్లండులో ఎబనేజర్ హోవార్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాన నగర భావన దీనికి ఒక ప్రేరణ. స్కాట్లండుకు చెందిన పాట్రిక్ గెడ్డెస్ తన నగరాల ప్రదర్శనను మద్రాసులో ఏర్పాటు చేశాడు. ఆ ప్రదర్శన కొరకు ఓడలో పంపిన సామగ్రి, మొదటి ప్రపంచ యుద్ధములో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఆ ఓడను ముంచివేయుటతో సముద్రము పాలైనది. గెడ్డెస్ కొత్త సామగ్రిని సమకూర్చుకొని 1915లో ప్రదర్శన జరిపాడు. అతని తరువాత హెచ్.వి.లాంచెస్టర్ మద్రాసు ప్రభుత్వమునకు పట్టణ ప్రణాళికా సలహాదారుగా పనిచేశాడు. ఈ కృషి ఫలితముగా 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టము వెలువడినది.

ఆ చట్టమును ఆచరణలో పెట్టే బాధ్యత జస్టిస్ పార్టీ ప్రభుత్వమునకు లభించినది. 1921 జూలై నుండి 1926 డిసెంబరు వరకు ఆ ప్రభుత్వమునకు నాయకత్వము వహించినవాడు శ్రీకాళహస్తి ప్రాంతమునకు చెందిన పానగల్లు రాజా, అనగా పానగంటి రామరాయణింగారు. నగరమునకు అతి సమీపమున, రైలు మార్గము పక్కన, ఒకే చోట విస్తారమైన ప్రభుత్వ భూమి లభించగల చోటు పొడవు చెరువు ఒక్కటే. 1911లోనే మాంబలంలో రైల్వే స్టేషను ఏర్పడి ఉన్నది. ఈ కారణముల వలన 1923 - 25 ప్రాంతమున చెరువులోని మాంబలం భాగమును ఖాళీ చేసి, నేలను చదును చేసి, వీధులు తీర్చి, స్థలములను విభజించి విక్రయించారు.

ప్రణాళికలో మధ్యన ఒక ఉద్యానవనము, దాని నుండి బయలుదేరే వెడల్పైన రహదారులు, వాటిని కలిపే చిన్న వీధులు, అక్కడక్కడ చిన్న పార్కులు ఉన్నాయి. ప్రతి స్థలములో ఇంటి చుట్టూ ఖాళీ జాగా వదలడము ముఖ్య లక్షణము. మధ్యనున్న ఉద్యానవనమునకు పానగల్లు రాజా పేరు పెట్టారు.

తొలి దశాబ్దాలు

స్థలములను కొన్నవారిలో ప్రభుత్వోద్యోగులు, న్యాయవాదులు, వైద్యులు, అధ్యాపకులు, జిల్లాల నుండి వచ్చి మద్రాసులో ఇల్లు కట్టుకొన్న భూస్వాములు ఎక్కువ. 1931లో మద్రాసు బీచ్ - తాంబరం మార్గములో విద్యుత్ రైళ్ళు ప్రారంభమైనవి. దక్షిణ భారతదేశమున ఇదియే తొలి విద్యుత్ రైలు మార్గము. దీని వలన మాంబలంలో ఇల్లు, జార్జ్ టౌనులో ఉద్యోగము అనే జీవన విధానము సాధ్యమైనది. చెరువులోని మిగిలిన భాగములు కూడా క్రమముగా పూడ్చబడినవి. మద్రాసు నగరాభివృద్ధి ట్రస్టు నిర్మించిన సి.ఐ.టి.నగర్ పేరులోని మూడక్షరాలు ఆ ట్రస్టు ఆంగ్ల నామమునకు సంక్షిప్త రూపము. 1976లో తిరువళ్ళువరు స్మారకముగా నిర్మించిన వళ్ళువర్ కోట్టం కూడా నుంగంబాక్కం చెరువు గర్భములోనిదే.

వీధుల పేర్లు

టి.నగర్ వీధుల పేర్లు 1920, 30 దశకాల మద్రాసు ప్రజాజీవితమునకు ఒక పట్టిక వంటివి.

ఉస్మాన్ రోడ్డు - జస్టిస్ పార్టీ నాయకుడు, 1934లో మద్రాసుకు తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించిన సర్ మహమ్మద్ ఉస్మాన్ పేరిట ఏర్పడినది.

డాక్టర్ నాయర్ రోడ్డు - జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకడైన డాక్టర్ టి.ఎం.నాయర్ పేరు. ఆయన 1919లో లండనులో మరణించాడు.

జి.ఎన్.చెట్టి రోడ్డు - గోపతి నారాయణస్వామి చెట్టి పేరు.

బోగ్ రోడ్డు - ఐ.సి.ఎస్. అధికారి జార్జ్ బోగ్ పేరు. ఈ వీధిలో నివసించిన నటుడు శివాజీ గణేశన్ పేరు తరువాతి కాలమున దీనికి పెట్టబడినది.

పాండీ బజారు - జస్టిస్ పార్టీకి, ఆత్మగౌరవ ఉద్యమమునకు చెందిన డబ్ల్యు.పి.ఎ.సౌందరపాండ్యన్ (1893 - 1953) పేరులోని చివరి భాగము నుండి ఈ పేరు వచ్చినదని ఎక్కువ మంది అభిప్రాయము.

1970ల చివర తమిళనాడు ప్రభుత్వము వీధుల పేర్ల నుండి కులసూచక పదాలను తొలగించినది. ఆ ప్రకారము జి.ఎన్.చెట్టి రోడ్డు ఫలకముపై జి.ఎన్. రోడ్డుగా మారినది. కులవ్యవస్థను ఎదిరించామని చెప్పుకొన్న పార్టీ నాయకుల పేర్లే ఈ మార్పునకు గురి కావడము ఒక విశేషము. ప్రజలు మాత్రము నేటికీ పాత పేర్లనే వాడుతున్నారు.

విద్యా, సాంస్కృతిక సంస్థలు

మహాత్మా గాంధీ ప్రోత్సాహముతో 1918లో ఆరంభమైన హిందీ ప్రచారోద్యమమునకు కేంద్రమైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ 1936 నుండి టి.నగర్‌లో ఉన్నది. సభ రజతోత్సవముల సందర్భమున 1946లో గాంధీజీ ఇక్కడ బస చేశాడు. 1964లో పార్లమెంటు చట్టము ద్వారా ఇది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపు పొందినది. కృష్ణా జిల్లాలో జన్మించిన మోటూరి సత్యనారాయణ ఈ సంస్థ నిర్మాతలలో ప్రముఖుడు. రామకృష్ణ మిషన్ పాఠశాలలు, శ్రీ శారదా విద్యాలయము ఈ ప్రాంతములోని పాత విద్యాసంస్థలు.

జి.ఎన్.చెట్టి రోడ్డులోని వాణీ మహల్ చెన్నైలోని ముఖ్యమైన సంగీత సభాస్థలములలో ఒకటి. దీనిని నిర్వహించే శ్రీ త్యాగబ్రహ్మ గాన సభను 1940లలో స్థాపించినవాడు తెలుగు నటుడు, గాయకుడు చిత్తూరు వి.నాగయ్య. ఊరి పేరులోని త్యాగరాయుడు రాజకీయ నాయకుడైనను, ఈ సభ ద్వారా వాగ్గేయకారుడైన త్యాగరాజు పేరు కూడా ఇక్కడ నిలిచినది.

భారత తొలి భారతీయ గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి జీవిత చరమ దశలో బజుల్లా రోడ్డులో నివసించాడు. మాజీ ముఖ్యమంత్రి కె.కామరాజ్ తిరుమలపిళ్ళై రోడ్డులోని ఇంటిలో నివసిస్తూ 1975 అక్టోబరు 2న మరణించాడు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనము. ఎం.జి.రామచంద్రన్ స్మారక గృహము కూడా టి.నగర్‌లోనే ఉన్నది.

తెలుగువారితో అనుబంధము

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడు వరకు మద్రాసు తెలుగువారికి కూడా రాజధానియే. మద్రాసు ఏ రాష్ట్రమునకు చెందవలెననే విషయమై తీవ్రమైన వివాదము జరిగినది. చివరకు నగరము తమిళులకు దక్కినది. అయితే రాజకీయముగా రాజధాని మారినంతనే ప్రజల జీవితాలు మారలేదు. ముఖ్యముగా తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఆ తరువాత కూడా కొన్ని దశాబ్దముల పాటు మద్రాసులోనే కొనసాగినది. స్టూడియోలు కోడంబాక్కం, వడపళని ప్రాంతాలలో ఉండుట వలన, వాటికి ఆనుకొని ఉన్న టి.నగర్ నటులకు, రచయితలకు, సంగీత దర్శకులకు నివాసమైనది.

గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితము ఈ ప్రాంతముతో ముడిపడినది. అవకాశముల కొరకు మద్రాసు వచ్చిన తొలి రోజులలో, ఆశ్రయమిచ్చినవారి ఇల్లు చిన్నది కావడముతో, వారికి భారము కాకూడదని పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలిచ్చి అక్కడ తల దాచుకొన్నాడని ఆయన జీవిత కథలలో చెప్పబడినది. పగలంతా అవకాశముల కొరకు తిరిగి, రాత్రి పార్కులో నిద్రించేవాడు. తరువాత కాలమున అదే పార్కుకు సమీపమున, ఉస్మాన్ రోడ్డులో ఆయన స్వంత ఇల్లు సంపాదించుకొన్నాడు.

నటుడు నందమూరి తారక రామారావు బజుల్లా రోడ్డులో నివసించాడు. పౌరాణిక చిత్రాలలో ఆయనను శ్రీరాముడుగా, శ్రీకృష్ణుడుగా, వేంకటేశ్వరుడుగా చూసిన ఆంధ్ర ప్రాంతపు యాత్రికులు తిరుపతి దర్శనము చేసుకొని, బస్సులలో మద్రాసు వచ్చి ఆయన ఇంటి ముందు వేచి చూసి వెళ్ళేవారు. నటి సావిత్రి ఇల్లు హబీబుల్లా రోడ్డులో ఉండేది. దక్షిణ భారత నటీనటుల సంఘము స్థలము కూడా అదే రోడ్డులో ఉన్నది.

1970ల నుండి స్టూడియోలు, తరువాత సాంకేతిక విభాగాలు క్రమముగా హైదరాబాదుకు తరలుటతో టి.నగర్‌లో తెలుగు వినికిడి తగ్గినది. ఐనను అనుబంధము తెగిపోలేదు. వెంకటనారాయణ రోడ్డులో తిరుమల తిరుపతి దేవస్థానముల వారి ఆలయము, సమాచార కేంద్రము ఉన్నాయి. జి.ఎన్.చెట్టి రోడ్డులో నటి కాంచన దేవస్థానమునకు విరాళముగా ఇచ్చిన స్థలములో పద్మావతీ అమ్మవారి ఆలయము నిర్మించబడి, 2023 మార్చిలో ప్రారంభమైనది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతముల కుటుంబాలు పెళ్ళి బట్టలకు, నగలకు టి.నగర్ వెళ్ళడము నేటికీ ఆనవాయితీ.

వ్యాపార కేంద్రముగా మార్పు

కొత్త శివారు నివాసులకు నిత్యావసర వస్తువులు అందించుటకు కొన్ని దుకాణములు మొదటి నుండియే ఉన్నాయి. పట్టుచీరల వ్యాపారమునకు ప్రసిద్ధి చెందిన నల్లి సంస్థ 1928లో ఇక్కడ ఆరంభమైనది. పానగల్ పార్కు సమీపమున దాని వెనుక మరికొన్ని పట్టుచీరల దుకాణములు, వాటి పక్కన నగల దుకాణములు, పాత్రల దుకాణములు వెలిసినవి. పెళ్ళికి కావలసినవన్నియు ఒకే చోట లభించుట వలన కొనుగోలుదారులు పెరిగినారు. వారు పెరిగిన కొలదీ దుకాణములు పెరిగినవి.

మాంబలం రైల్వే స్టేషను ద్వారము ఎదుటనే రంగనాథన్ వీధి ఉన్నది. ఒకనాడు ఇది ఇళ్ళతో కూడిన చిన్న వీధి. రైలు దిగిన ప్రతివారు బస్సు కొరకు ఈ వీధి గుండా నడిచి ఉస్మాన్ రోడ్డు చేరవలసి ఉండేది. రోజూ వేలకొలది జనము నడిచే చోట అమ్మకము సులభమని గ్రహించిన వ్యాపారులు ఒక్కొక్క ఇంటిని దుకాణముగా మార్చారు. 1970ల తరువాత తక్కువ లాభముతో ఎక్కువ సరుకు అమ్మే బహుళ అంతస్తుల దుకాణములు వచ్చినవి. చెంచా నుండి చీర వరకు ఒకే కప్పు క్రింద దొరకుట వలన మధ్యతరగతి, అల్పాదాయ కుటుంబాలకు ఇవి గొప్ప సౌకర్యమైనవి. వీటిలో పనిచేయుటకు తమిళనాడు దక్షిణ జిల్లాల నుండి వేలాది యువతీ యువకులు వచ్చారు. రోజంతా నిలబడి చేసే వారి పని పరిస్థితులు తరువాతి కాలమున ప్రజల దృష్టికి వచ్చినవి. 2021లో తమిళనాడు ప్రభుత్వము దుకాణములలో పనిచేసేవారికి కూర్చొనే సదుపాయము తప్పనిసరి చేస్తూ చట్ట సవరణ చేసినది.

భూమి ధర పెరిగిన కొలదీ పాత ఇళ్ళ వారసులకు ఇంటిని నిలుపుకొనుట కంటె అమ్ముకొనుట లాభసాటి అయినది. తోటలున్న చోట అపార్టుమెంట్లు, అపార్టుమెంట్లున్న చోట దుకాణములు వచ్చినవి. ఒక కుటుంబమునకు సరిపోవు విధముగా ఏర్పరచిన నీటి గొట్టములు, మురుగు కాలువలు అనేక రెట్లు ఎక్కువ భారమును మోయవలసి వచ్చినది.

అనుమతించిన అంతస్తులకు మించి, ఖాళీ జాగా వదలకుండా కట్టిన భవనములు ప్రమాదములకు కారణమైనవి. 2008 సెప్టెంబరు 1న రంగనాథన్ వీధిలోని ఒక దుకాణములో జరిగిన అగ్నిప్రమాదములో ఇద్దరు మరణించారు. నిబంధనల ఉల్లంఘనపై మద్రాసు హైకోర్టులో జరిగిన వ్యాజ్యముల ఫలితముగా 2011 అక్టోబరు చివర అధికారులు రంగనాథన్ వీధి, ఉస్మాన్ రోడ్డులలోని పలు దుకాణములకు ముద్ర వేశారు. 2012 ఆరంభమున సుప్రీం కోర్టు ఆదేశముతో అవి తాత్కాలికముగా తెరుచుకొన్నవి. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డులోని ఒక బహుళ అంతస్తుల వస్త్ర దుకాణము మంటలలో చిక్కుకొనగా, బలహీనపడిన ఆ భవనమును తరువాత పూర్తిగా కూల్చివేయవలసి వచ్చినది.

వాన నీటి సమస్య

చెన్నైలో సాలీనా సగటున సుమారు 1,400 మి.మీ. వర్షము కురుస్తుంది. ఇందులో సగమునకు పైగా అక్టోబరు - డిసెంబరు నెలలలోనే వస్తుంది. పూర్వము ఈ నీరు పొడవు చెరువులో నిలిచేది. చెరువు పోయినను నేల వాలు మారలేదు. చుట్టుపక్కల నీరు పల్లమునకే వస్తుంది, ఇప్పుడు ఆ పల్లములో ఇళ్ళు, దుకాణములు ఉన్నాయి. తోటలు, ఖాళీ జాగాలు ఉన్న కాలమున కొంత నీరైనా భూమిలోనికి ఇంకేది. వాటి స్థానమున కాంక్రీటు పరచుకొనుటతో ఆ మార్గము కూడా మూసుకొన్నది.

మిగిలిన ఒకే దారి మాంబలం కాలువ. చెత్త, పూడిక, ఆక్రమణల వలన దాని సామర్థ్యము తగ్గినది. అడయారు నది పొంగినపుడు కాలువ నీరు నదిలో కలియలేక వెనుకకు తన్నుతుంది. 2015 డిసెంబరు వరదలలో ఈ కాలువ పరిసరములు, పశ్చిమ మాంబలం తీవ్రముగా ముంపునకు గురైనవి. 2021 నవంబరు 6, 7 తేదీల మధ్య రాత్రి నుంగంబాక్కంలో 20 సెం.మీ.కు పైగా వర్షము కురిసినది. టి.నగర్‌లోని అనేక వీధులు నీట మునిగి, కొన్ని చోట్ల రోజుల తరబడి నీరు తీయలేదు. అప్పటికి కొద్ది సంవత్సరముల క్రితమే స్మార్ట్ సిటీ పథకము క్రింద ఇక్కడ కోట్ల రూపాయలతో పనులు జరిగి ఉండుట వలన, ఆ ఖర్చుపైన, వాన నీటి కాలువల నిర్మాణముపైన తీవ్ర విమర్శలు వచ్చినవి. ఆ తరువాత వాన నీటి కాలువలను విస్తరించే పనులు చేపట్టారు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరములలో కూడా చెరువుల శిఖము భూములలో నివాస ప్రాంతములు ఏర్పడినవి. ఆ నగరముల ముంపు సమస్యను అర్థము చేసుకొనుటకు టి.నగర్ చరిత్ర ఉపకరిస్తుంది. ఇక్కడ చెరువును పూడ్చినది ఆక్రమణదారులు కారు. ఆనాటి ఉత్తమ ప్రణాళికా శాస్త్రమును అనుసరించి, చట్టబద్ధముగా, ప్రజల మేలు కోరి ప్రభుత్వమే ఆ పని చేసినది. నీటిని నిలువ చేసే స్థలమునకు ప్రత్యామ్నాయము చూపకపోవడము అందులోని లోపము. దాని ఫలితము పూర్తిగా తెలియుటకు దాదాపు ఒక శతాబ్దము పట్టినది.

రవాణా సౌకర్యాలు

మాంబలం రైల్వే స్టేషను చెన్నై బీచ్ - తాంబరం - చెంగల్పట్టు మార్గములో ఉన్నది. నగర బస్సుల ప్రధాన కేంద్రములలో ఒకటి దక్షిణ ఉస్మాన్ రోడ్డులో కలదు. రైల్వే స్టేషనును ఈ బస్సు స్టాండుతో కలుపుతూ నిర్మించిన సుమారు 570 మీటర్ల పొడవు గల ఆకాశ నడక వంతెన 2023 మే నెలలో ప్రారంభమైనది. దీని వలన ప్రయాణికులు రంగనాథన్ వీధి రద్దీలోనికి దిగకుండానే రాకపోకలు చేయవచ్చును. చెన్నై మెట్రో రెండవ దశలోని లైట్‌హౌస్ - పూనమల్లి మార్గములో పానగల్ పార్కు వద్ద భూగర్భ స్టేషను నిర్మాణము చేపట్టబడినది.

నేటి స్థితి

2013లో పాండీ బజారు కాలిబాటలపై ఉన్న చిరు వ్యాపారులను వారి కొరకు నిర్మించిన వాణిజ్య సముదాయములోనికి తరలించారు. 2019 నవంబరులో పాండీ బజారులో కాలిబాటలను బాగా వెడల్పు చేసి, పాదచారుల కొరకు తీర్చిదిద్దిన మార్గమును ప్రారంభించారు. వృద్ధులు, పిల్లలు కూర్చొనుటకు అక్కడ బల్లలు ఏర్పాటు చేయబడినవి. తోటలలో చిరకాలము క్రితమే కోల్పోయిన విశాలత కొంతవరకు ఈ విధముగా వీధిలో తిరిగి లభించినది.

ప్రధాన రహదారుల నుండి లోనికి వెళ్ళిన చిన్న వీధులలో నివాస గృహములు నేటికీ ఉన్నాయి. ఉదయము దుకాణములు తెరవక ముందు పానగల్ పార్కు, నటేశన్ పార్కులలో నడకకు వచ్చేవారు కనిపిస్తారు. పొడవు చెరువు ఆనవాళ్ళుగా ఇప్పుడు మిగిలినవి పేర్లు మాత్రమే: నుంగంబాక్కంలో చెరువు కట్ట పేరుతో ట్యాంక్ బండ్ రోడ్డు, పశ్చిమ మాంబలంలో చెరువు కనిపించే దారి అని అర్థమిచ్చే లేక్ వ్యూ రోడ్డు ఉన్నాయి.